కృష్ణాతీర యాత్ర: శిలలపై నిలిచిన శిల్పుల పేరులు

మన సంఘపక్షమున జరిగిన చారిత్రక యాత్రా విశేషములను విన్నవించుచున్నాను. ఈ యాత్ర ఆరు దినములు సాగినది. విజయవాడలో బస్సెక్కి ఉండవల్లి, భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ, జగ్గయ్యపేట, పాలంపేట, ఓరుగల్లు, పెంబర్తి చూచి వచ్చితిమి. వృద్ధులు, గృహిణులు, ఉలిపట్టిన శిల్పులు, కొలిమి నడుపు కమ్మరులు, కళాశాలలలో చదువుకొను బాలబాలికలు కలిసి ఇంచుమించు నలువదిమందిమి. ఆయా స్థలములయందు శాసనముల తాత్పర్యమును వివరించు భారము నాపై నుంచబడినది.

మనవారు తీర్థయాత్రలు చేయుట క్రొత్తగాదు. కాశీ రామేశ్వరములకు పోని కుటుంబము మనలో అరుదు. కాని దేవుని దర్శించి వచ్చినవారిలో ఆ దేవుని మలచిన చేయి ఎవరిదని యడిగినవారు తక్కువ. ఈ యాత్రయందు మేము వెదకినది ఆ చేతి జాడను. దొరికినంతవరకు ఇచట వ్రాయుచున్నాను.

మన సభల ప్రత్యేక సంచికలలో కులోత్పత్తిని గూర్చిన వ్యాసము ఏటేట ఒకటి రెండైనను ఉండును. మను మయ త్వష్ట శిల్పి విశ్వజ్ఞుల కథయు, సానగాది పంచర్షుల గోత్రములును మన యిండ్లలో పెండ్లిపీటలమీద వినబడుచునే యున్నవి. ఋగ్వేద దశమ మండలమున విశ్వకర్మను స్తుతించు సూక్తములు రెండు కలవు. ఇవి యన్నియు మన శ్రద్ధకు ఆలంబనములు. వానిని తక్కువ చేయుట నా యభిమతము గాదు. అయినను శ్రద్ధ వేరు, చరిత్ర వేరు. ఆ మనిషి యెవడు, ఏ యూరివాడు, ఏ రాజు నేలుబడిలో నుండెను, ఏ పని చేసెను అని చరిత్ర యడుగును. ఈ ప్రశ్నలకు పురాణము బదులు చెప్పదు. రాయి కొన్నియెడల చెప్పును.

మొదటి దినము: ఉండవల్లి, భట్టిప్రోలు

కృష్ణ కావలి యొడ్డున ఉండవల్లి కొండను తొలిచి నాలుగంతస్తుల గుహాలయమును నిర్మించిరి. ఇది క్రీ.శ. 6, 7 శతాబ్దుల నాటిదని పండితుల యభిప్రాయము. లోపల శేషశాయియైన అనంతపద్మనాభస్వామి విగ్రహము విశాలమైనది. ఆ విగ్రహమును చూచుటకే జనులు వచ్చుచుందురు. మాతో వచ్చిన శిల్పులు మాత్రము పని ముగియక విడిచిన భాగములకడ ఎక్కువసేపు నిలిచిరి. పూర్తియైన విగ్రహము నునుపుదేరి తన పుట్టుకను దాచుకొనును. ముగియని గోడ ఉలిదెబ్బ యే దిక్కునుండి పడినదో చూపును. కట్టడమును క్రిందినుండి పైకి కట్టుదురు గాని గుహను తొలుచువాడు పైకప్పును ముందే నిర్ణయింపవలెను. ఒకసారి తీసిన రాతిని మరల నతికించుటకు వీలులేదు. ఇంత ముందుచూపుతో పనిచేసిన స్థపతి పేరు మనకు తెలియదు.

అచటినుండి తెనాలి మీదుగా భట్టిప్రోలు చేరితిమి. ఇచటి స్తూపము ఆంధ్రదేశమందలి మిక్కిలి ప్రాచీన స్తూపములలో నొకటి. దాని రాళ్ళు చాలవరకు కాలువ కట్టడములకును బాటలకును పోయిన పిమ్మట, 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించగా, గర్భమున రాతి పేటికలును, స్ఫటికపు భరిణెలును, బంగారు పూలును, పూసలును బయల్పడినవి. పేటికలపై చెక్కిన ప్రాకృత శాసనములను బ్యూలర్ పండితుడు చదివి ప్రకటించెను. కుబీరకుడను రాజు పేరును, గోష్ఠీసభ్యుల పేరులును అందు కలవు. కొన్ని యక్షరముల రూపము ఇతర బ్రాహ్మీ శాసనములలోని దానికి భిన్నముగా నుండుటచే, ఈ లిపిని పండితులు భట్టిప్రోలు లిపి యని ప్రత్యేకముగా పిలుచుచున్నారు.

ఇచట మన స్వర్ణకారులు గమనింపవలసినది యొకటి కలదు. ధాతువును స్ఫటికములో నిడి, స్ఫటికమును రాతిలో నిడి, చుట్టును బంగారు పూలను చల్లిరి. స్ఫటికమును పగులనీయక లోన తొలుచుటకును, బంగారమును రేకుగా సాగగొట్టి పూవుగా మలచుటకును తరతరముల సాధన కావలెను. రెండువేల యేండ్లకు పూర్వమే ఈ విద్య కృష్ణాతీరమున పరిపక్వమైయున్నదనుటకు ఆ చిన్న పూలే సాక్ష్యము. చేయించినవారి పేరులు పేటికలపై చెక్కబడినవి. పూవు చేసిన కంసాలి పేరు పూవుతోనే మరుగుపడినది.

రెండవ దినము: అమరావతి

రాత్రి గుంటూరున బసచేసి మరునాడు అమరావతి చేరితిమి. ధాన్యకటకమను ప్రాచీన నగరము ఈ ధరణికోట, అమరావతుల ప్రదేశమే. ఇచటి మహాచైత్యము సుమారు 160 అడుగుల వ్యాసము గలది. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు క్రొత్త పట్టణమును కట్టించు కాలమున ఈ దిబ్బ రాళ్ళ గనిగా నుపయోగపడెను. 1797లో కాలిన్ మెకంజీ దీనిని మొదట చూచి, 1816లో మరల వచ్చి తన సహాయకులచే శిల్పముల చిత్రములను వ్రాయించెను. అప్పటికే అనేక ఫలకములు గోడలలో చేరియుండెను. కొన్నిటిని సున్నమునకై కాల్చివేసిరి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసునకు చేర్చిన ఫలకములు 1859లో లండనునకు పోయినవి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. తరువాత దొరికినవి చాలవరకు చెన్నపట్టణపు మ్యూజియమున నున్నవి. అమరావతిలో నిలిచినది నేలమట్టపు చుట్టుగోడయు, స్థానిక మ్యూజియములోని కొన్ని ఫలకములును.

ఇంత నష్టము జరిగియు మనకు దక్కిన గొప్పధనము దానశాసనములు. ఒక్క రాజు కట్టించిన కట్టడము గాదిది. ఒకడు స్తంభము నిచ్చెను, ఒకతె సూచి నిచ్చెను, మరియొకరు పూర్ణకలశ ఫలకమును సమర్పించిరి. ఇచ్చినవారిలో గృహపతులు, వణిజులు, గంధద్రవ్యములమ్ము గంధికులు, భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు కలరు. ఒక పూర్ణకలశ ఫలకమును ఇచ్చినవాడు విధికుడను చర్మకారుడు. అతడు నాగుడను ఉపాధ్యాయుని కుమారుడనియు, తల్లితోను, భార్యతోను, సోదరులతోను, కుమారునితోను, కుమార్తెలతోను కలిసి యిచ్చెననియు శాసనము చెప్పుచున్నది. రాణివాసపు దానము చెక్కబడిన బ్రాహ్మీలిపిలోనే తోళ్ళపని వాని దానమును చెక్కబడినది. విధికుడను ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన; మూడవ దినమున దీనితో పనియున్నది.

సాయంకాలము సత్తెనపల్లి మీదుగా మాచెర్లకు సాగితిమి. అమరావతి శిల్పములకు వాడిన తెల్లని సున్నపురాయి ఈ పలనాటిదే. మాచెర్లకు సమీపముననున్న దుర్గి గ్రామమున నేటికిని శిల్పులు ఆ జాతి రాతిలోనే విగ్రహములను మలచుచున్నారు. దుర్గి శిల్పమునకు భౌగోళిక గుర్తింపును లభించినది. ఒకే సీమలో, ఒకే రాతిపై, ఇంత కాలము ఉలి యాడుచున్న చోటులు దేశమున ఎన్నియున్నవో చెప్పజాలను గాని, మనకు చేరువనున్న చోటు ఇది.

మూడవ దినము: నాగార్జునకొండ

1926లో శాసనశాఖోద్యోగియగు ఎ. రంగస్వామి సరస్వతిగారు ఈ లోయను కనుగొనిరి. 1927 మొదలు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు సాగించెను. 1955 డిశెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన సంగతి మనకందరికి తెలిసినదే. లోయ మునుగనున్నదని ముందే తెలియుటచే, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యవమున విస్తారమైన త్రవ్వకములు జరిగి, ముఖ్యమైన కట్టడములు కొన్ని కొండమీదికిని, అనుపునకును తరలింపబడి మరల కట్టబడినవి. ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి నేడు నీటియడుగున నున్నది. విజయపురి దక్షిణమునుండి లాంచిలో పోయి, ద్వీపముగా మారిన కొండపై మ్యూజియమును చూచితిమి.

నగరపు త్రవ్వకములలో ఒక స్వర్ణకారుని పనిశాల బయల్పడినది. మూసలు, ఒరగల్లు, ఆభరణములు పోయు నచ్చులు అందు దొరకినవి. పనిముట్లను బట్టి యింటివాని వృత్తి తెలిసినది. మన బాలురు ఆ మాట విని, మా తాతగారి పెట్టెలోను ఇవియే కదాయని యొకరితో నొకరు చెప్పుకొనిరి. చరిత్ర పుస్తకమునందు రాజులవరుస చదివినపుడు ఈ మాట వారి నోట రాలేదు.

ఇక శాసనముల మాట. చాంతమూల మహారాజు సోదరియగు చాంతిసిరి, వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములను నిలిపెను. అదే రాజు 14వ సంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక, తామ్రపర్ణి యనగా సింహళమునుండి వచ్చిన స్థవిరులకొరకు చుల్లధమ్మగిరిపై చైత్యగృహమును కట్టించెను. ఆమె రాణి గాదు. తన దాన శాసనమున పుట్టింటివారిని, మెట్టినింటివారిని పేర్కొని, పుణ్యమును వారికందరికి పంచియిచ్చినది. పిమ్మట, పని చేయించిన నవకర్మికులైన ముగ్గురు స్థవిరుల పేరులు చెక్కించెను. కట్టకడపట, ఇది సేలవఢకియగు విధికుని పని యని చెక్కించెను.

సేలవఢకి యన సంస్కృతమున శైలవర్ధకి. వర్ధకి యన వడ్రంగి. శైలవర్ధకి యన రాతిని వడ్రంగము చేయువాడు. హిందీలో వడ్రంగికి వాడు బఢయీ శబ్దము ఈ వర్ధకియే. మన వడ్ల, వడ్రంగి శబ్దములును దీనికి చుట్టములని నాకు తోచుచున్నది. కొయ్యపని రాతిపనికి అన్నగారని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలోనే ఆ వావి దాగియున్నది. చైత్యపు కంచెలోని రాతి సూచులు రాతి స్తంభముల తొలులలో దూరియుండు తీరు చూచినవారికి, కొయ్యపని యెరిగినవాడే దీనిని కల్పించెనని తెలియకపోదు.

ఇప్పుడు మొదటి విధికుని జ్ఞాపకము చేసికొందము. అమరావతిలో విధికుడు చర్మకారుడు. నాగార్జునకొండలో విధికుడు శైలవర్ధకి. ఇద్దరు వేరు, కాలములును వేరు. పేరు మాత్ర మొక్కటే. పేరునుబట్టి వీడు మనవాడని నిర్ణయించు వీలు ఆనాడు లేదని దీనివలన తేటపడుచున్నది. శైలవర్ధకి, చర్మకారుడు, గంధికుడు అనునవి వృత్తివాచకములు. ఆ వృత్తులవారికి నేటి మన గోత్రములుండెనని గాని, మన కుటుంబములలో ఫలానా యిల్లు విధికుని సంతతి యని గాని చెప్పుటకు ఏ యాధారమును లేదు. అట్లు చెప్పువారుండినచో వారిని రాయి సమర్థింపదు. మనకును విధికునికిని గల బాంధవ్యము రక్తమును బట్టి చెప్పదగినది గాదు, ఉలిని బట్టి చెప్పదగినది. ఉలి పట్టని వానికి, ఎంత గోత్రమున్నను, ఆ బాంధవ్యము రాదు. ఉలి పట్టినవానికి, ఏ యింట పుట్టినను, అది దక్కును. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను శాసనము చెప్పినదాని కంటె ఎక్కువ చెప్పుట పండితధర్మము గాదు.

నాలుగవ దినము: జగ్గయ్యపేట

సాగరము దాటి మిర్యాలగూడ, కోదాడల మీదుగా జగ్గయ్యపేట చేరితిమి. దీని పూర్వనామము బేతవోలు; వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర ఈ పేరు పెట్టెను. ఊరి చెంతనున్న కొండమీది దిబ్బను జనులు ధనంబోడు అందురు. ధనమున్నదను నాశతో అచట త్రవ్వినవారు లేకపోలేదు. 1882లో జేమ్స్ బర్జెస్ ఈ స్తూపమును పరిశీలించెను. మాంధాత చక్రవర్తిపై నాణెములు వర్షించుచున్నట్లు చెక్కిన ప్రసిద్ధ ఫలకము ఈ స్తూపమునకు చెందినదే.

ధనంబోడులో మనకు దొరకిన ధనము మరియొకటి. తూర్పు ద్వారమునకడ నిలిపిన అయిదు ఆయక స్తంభములను గూర్చిన శాసనము వీరపురుషదత్తుని 20వ సంవత్సరము నాటిది. నాగార్జునకొండ విధికుని పనికిని దీనికిని ఆరేండ్ల యంతరము మాత్రమే. స్తంభములను నిలిపినవాడు సిద్ధార్థుడను ఆవేశని. అతని తండ్రి నాకచందుడును ఆవేశనియే. కమ్మకరాష్ట్రమున నడతూరు వారి స్వగ్రామము. సిద్ధార్థుడు మహాకడురూరున కాపురముండెను. అమరసింహుడు ఆవేశన శబ్దమునకు శిల్పిశాల యని యర్థము చెప్పెను. కావున ఆవేశని యన శిల్పిశాలకు అధిపతి, పనివారి మేస్త్రి. మధ్యదేశమున సాంచీస్తూపపు దక్షిణ తోరణముపైనను ఈ పదమే కనబడును. అచట దానము చేసినవాడు శ్రీ శాతకర్ణి రాజుయొక్క ఆవేశనియగు వాసిష్ఠీపుత్ర ఆనందుడు. శాతవాహనుల కాలమునుండి ఇక్ష్వాకుల కాలమువరకు ఈ పదవి గౌరవమైనదిగానే యుండెనని దీనివలన ఊహింపవచ్చును.

భట్టిప్రోలున కంసాలి పేరు లేదు. నాగార్జునకొండలో దాత దయతో శిల్పి పేరు కడపటి పంక్తిలో చేరినది. జగ్గయ్యపేటలో శిల్పియే దాత. తల్లి నాగిలని, భార్య సముదని, కుమారుడు మూలసిరి, కుమార్తె, సోదరుడు బుధినకుడు, అతని భార్య, వారి బిడ్డలు అందరి పేరులు అతడు రాతికెక్కించెను. సర్వప్రాణుల హితసుఖములకొరకు ఈ స్తంభములను నిలిపితిననెను. తన కులమువారి హితమునకని యనలేదు. శిల్పి తన సొంత ద్రవ్యమును దేవుని పనికి వెచ్చించి, తన యింటి ఆడువారి పేరులను అందు నిలుపుకొనగల స్థితిలో నుండెనన్నమాట. ఆ శాసన తాత్పర్యమును చెప్పినపుడు మాతో వచ్చిన గృహిణులు ఆ పేరులను మరల మరల చెప్పించుకొని వ్రాసికొనిరి.

అయిదవ దినము: పాలంపేట, ఓరుగల్లు

ఖమ్మము మీదుగా రాత్రికి హనుమకొండ చేరి, మరునాడు ఉదయమున పాలంపేటకు పోయితిమి. గణపతిదేవ చక్రవర్తి సేనానియగు రేచెర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో ఈ రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. పునాదిలో ఇసుకను నింపిన విధమును, విమానమునకు వాడిన నీటిపై తేలు తేలిక యిటుకలను, నల్లరాతి మదనికలను గూర్చి అందరు విన్నదే. 2021 జూలై 25వ తేదీన ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగా ప్రకటించెను.

దీనిని జనులు రామప్పగుడి యందురు. రామప్ప యను మహాశిల్పి కట్టెను గాన ఆ పేరు వచ్చెనందురు. శాసనమున రేచెర్ల రుద్రుని పేరున్నది. రామప్ప పేరు లేదు. స్వామికి రామలింగేశ్వరుడను నామముండుటచే గుడికా పేరు దానినుండియే వచ్చినదనియు చెప్పవచ్చును. నేనీ మాట చెప్పినపుడు మా బృందములోని యువకులు కొందరు చిన్నబుచ్చుకొనిరి. మనకున్న ఒక్క పేరును గూడ తీసివేసెదరాయని యొకడడిగెను. వానికి చెప్పిన సమాధానమే ఇచటను చెప్పుచున్నాను. శాసనములేని పేరును చరిత్రయని వ్రాయరాదు. కాని జనశ్రుతికిని ఒక యర్థమున్నది. గుడులు సామాన్యముగా దేవుని పేరనో, రాజు పేరనో, ఊరి పేరనో పిలువబడును. ఇచట మాత్రము జనులు, రాజు చెక్కించిన శాసనమును ప్రక్కనబెట్టి, గుడి చేసినవానిదని తలచిరి. రామప్ప యను మనుష్యుడు ఉండినను లేకున్నను, ఆ తీర్పు మాత్రము నిజముగా ప్రజలిచ్చినదే. శాసనములో జరిగిన లోపమును పల్లెవారి నాలుక పూరించినది.

సాయంకాలము ఓరుగల్లు కోటలో కీర్తితోరణములను చూచితిమి. 1323లో కాకతీయరాజ్యము కూలినది, స్వయంభూదేవాలయము శిథిలమైనది. నాలుగు దిక్కులను తోరణములు మాత్రము నిలిచియున్నవి. వానిపై కాకతీయుల కీర్తిని చూచువారు లక్షలమంది. ఆ బరువు రాళ్ళను పైకెత్తి నిలిపిన సూత్రధారుని స్మరించువారు కొందరైనను ఉండవలెను.

ఆరవ దినము: పెంబర్తి

జనగామకు సమీపముననున్న పెంబర్తి మన విశ్వకర్మ సోదరుల గ్రామము. ఇత్తడిరేకును సాగగొట్టి, వెనుకనుండి ఉబ్బెత్తు చేసి, ముందునుండి తీర్చి దేవాలయ ద్వారములకు తొడుగులను, వాహనములను, ప్రభామండలములను, కలశములను చేయుదురు. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయిదు దినములు చనిపోయినవారి పనిని చూచి, ఆరవనాడు బ్రతికియున్నవారి పనిని చూచుట మాకు మేలైనది. సుత్తి చప్పుడు విన్న పిమ్మట మా బాలురకు భట్టిప్రోలు బంగారుపూవు మరింత బాగుగా అర్థమైనది.

అచట ఒక వృద్ధ శిల్పి తాను చేసిన ద్వారపు తొడుగుల గుడులను వేళ్ళపై లెక్కించి చెప్పెను. ఆ గుడులలో మీ పేరెక్కడనైన నున్నదా యని యడిగితిమి. మేము పని చేయుదుము, పేరు దాతలది అని యాయన నవ్వెను. ఆ నవ్వులో దుఃఖము లేదు. ఆశయు లేదు.

మనము చేయదగినది

నేడు ఊరూర గుడులు కట్టబడుచున్నవి, జీర్ణోద్ధారములు జరుగుచున్నవి. ప్రతి గుడిలోను గోడకు నల్లరాతి పలకలుండును. వేయిన్నూటపదహార్లు ఇచ్చినవారినుండి లక్షలిచ్చినవారివరకు అందరి పేరులును అందు వరుసగా నుండును. విద్యుద్దీపమిచ్చినవారి పేరు దీపముపైనను, పంకా యిచ్చినవారి పేరు పంకారెక్కలపైనను ఉండును. మూలవిగ్రహమును మలచిన స్థపతి పేరు చాలచోట్ల ఎక్కడను ఉండదు. పలకపై ఆ పేరులన్నిటిని చెక్కినవాడును మనవాడే. తన పేరు తప్ప అందరి పేరును చెక్కును. పూర్వపు తామ్రశాసనముల చివర శాసనకావ్యము రచించిన కవితో పాటు రేకుపై వ్రాసిన లేఖకుని పేరును అనేకచోట్ల కనబడుచున్నది. ఆ మర్యాద మనము పోగొట్టుకొంటిమి.

కొందరు పెద్దలు, శిల్పి నిష్కామకర్మి గాన పేరు కోరడని చెప్పుదురు. కోరడు, నిజమే. వినయము శిల్పికి భూషణము. కాని శిల్పి వినయము దాతకు మరపుచీటి గారాదు. బోధిసిరి ఉపాసిక దానమునకు విధికుని పేరు చెక్కించుటవలన లోటేమియు రాలేదు. పదునేడు వందల యేండ్లు దాటినను ఇద్దరి పేరులును ఒకే శాసనమున నిలిచియున్నవి. మన సంఘపోషకులకు ఆమె శాసనము మేలుబంతి.

కావున ఈ మహాసభ యెదుట మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది: సంఘసభ్యులు ద్రవ్యమిచ్చు ఏ గుడికైనను, సత్రమునకైనను, విగ్రహమునకైనను, పలకయందు దాతల పేరుల క్రింద, పని చేసిన స్థపతి, వడ్రంగి, కంచరి, కమ్మరి, కంసాలి పేరును, ఊరును, సంవత్సరమును చెక్కింపవలెనని నియమము పెట్టుకొనవలెను. పని చేసినవాడు ఏ కులమువాడైనను ఈ నియమము వర్తింపవలెను. అట్లుగానిచో విధికుని పేరెత్తు నర్హత మనకు లేదు. రెండవది: నేడు జీవించియున్న వృద్ధశిల్పులు చేసిన పనులను, స్థలములను, సంవత్సరములను వారినోటనే విని వ్రాసి, పటములతో సహా సంఘ కార్యాలయమున భద్రపరుపవలెను. ఆలస్యమైన కొలది ఈ గ్రంథము సన్నగిల్లును. మూడవది: ఈ యాత్రను ఏటేట జరుపవలెను. కళాశాలలలో చదువుకొను బాలబాలికలకు సగము చోట్లు కేటాయింపవలెను. సిద్ధార్థుడు కుమార్తె పేరును చెక్కించెను గాన బాలికలకు అందు సమభాగము ఉండవలెను.

పల్లెలలో శాసనము గల రాయి కనబడినచో దానికి నూనె, కుంకుమ, రంగులు పూయక, కదలింపక, పురావస్తుశాఖవారికి తెలుపుట మనవారందరికి ధర్మము. అమరావతిలో సున్నమైపోయిన ఫలకములపై ఎందరు విధికులుండిరో!

బస్సు ఖర్చు పెద్దది గాదు. పలకపై మరియొక పంక్తి చెక్కుటకు అయ్యెడు ఖర్చు అంతకంటె చిన్నది. సంఘపోషకులు ఈ రెండింటిని మనస్సున నుంచుకొని, వచ్చు సంవత్సరపు సభనాటికి ఒక్క గుడియందైనను ఒక్క స్థపతి పేరు చెక్కబడినదని విను భాగ్యమును మాకు కలిగింతురుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు. శుభం భూయాత్.